కాళ్లు తీసుకెళ్తున్నాయా, కోరిక లాగుతోందా? తాగుడు మానే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటారు విప్పి, పాత కాయిల్ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఇవ్వడం నా పని. 1998లో తాగడం మొదలుపెట్టాను. 2014 దాకా తాగాను. అందులో చివరి ఆరేళ్లు ఒక్క రోజు కూడా వదల్లేదు. ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం షాపు మా తమ్ముడికి అప్పజెప్పి, డీ-అడిక్షన్ వార్డులో చేరినవాళ్ల పక్కన కూర్చుంటాను. అక్కడ డాక్టర్ల దగ్గర విన్నదీ, వాళ్లు చదవమని ఇచ్చిన కాగితాల్లో ఉన్నదీ, నా ఒంటిమీద నేను చూసుకున్నదీ కలిపి రాస్తున్నాను. నాది మద్యం కథ. సిగరెట్, గుట్కా, గంజాయి వాడేవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు ఒక సాయంత్రం గురించి చెప్పాలి. 2012లో అనుకుంటా, మా పాపకు జ్వరం వచ్చింది. షాపు మూసి, మెడికల్ షాపులో సిరప్ కొని జేబులో పెట్టుకుని ఇంటికి బయల్దేరాను. ముందురోజు రాత్రి తాగిందంతా కక్కేశాను, పొద్దున్నుంచీ కడుపులో ఒకటే మంట. ఈరోజు తాగేది లేదని నాలో నేను అనుకున్నాను. నిజానికి తాగాలని కూడా లేదు. బండి సైడ్ స్టాండ్ వేశాక చూస్తే వైన్స్ ముందున్నాను. కౌంటర్‌లో కుర్రాడు నేను నోరు తెరవకముందే క్వార్టర్ తీసిపెట్టి, పక్కన వాటర్ ప్యాకెట్ పెట్టాడు. డబ్బులిచ్చాను. పర్మిట్ రూములో నిలబడి ప్లాస్టిక్ గ్లాసులో పోసుకున్నాను. మొదటి గుక్కకే వాంతి వచ్చినట్టయింది. రెండో గుక్క కూడా తాగాను. సిరప్ సీసా తొడకు తగులుతూనే ఉంది.

ఆ రోజు నేను సుఖం కోసం తాగలేదు. అక్కడ సుఖమే లేదు. మరి ఎందుకు తాగానన్నది నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. మా అమ్మ ఏడుస్తూ, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదనేది. నేనూ అదే నమ్మాను. కానీ తాగుడు పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది. మెదడు దాన్ని రెండు చోట్ల, రెండు రకాలుగా నేర్చుకుంటుంది. ఆ రెండిటికీ ఒకే మందు వేస్తే పని చెయ్యదు.

లోపల జరిగేది

మధ్య మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలుంటాయి. డోపమైన్ అంటే సుఖాన్నిచ్చే రసాయనం అని చాలామంది చెప్తారు. అది సగం మాటే. 1990ల్లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబూర్గ్‌లో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో ఈ కణాలు ఎప్పుడు చురుగ్గా కదులుతాయో కొలిచాడు. అనుకోకుండా నోట్లో పళ్లరసం పడితే కణాలు చటుక్కున స్పందించాయి. తర్వాత రసానికి ముందు లైటు లాంటి గుర్తు ఒకటి పెట్టారు. కోతి అది నేర్చుకున్నాక, కణాలు గుర్తు కనబడగానే స్పందించాయి. రసం పడ్డప్పుడు ఊరుకున్నాయి. గుర్తు కనబడి రసం రాకపోతే, అది రావాల్సిన క్షణానికి ఆ కణాలు మామూలుకన్నా మందగించాయి.

నా వరకు ఆ గుర్తు షాపు షట్టర్ దిగే చప్పుడు. చప్పుడు వినబడగానే లోపల ఏదో లేచేది. ఆ సాయంత్రం తాగకపోతే, ఏదో పోగొట్టుకున్నట్టు ఒక లోటు. మందు గొంతు దిగకముందే నా మెదడు దాని పని మొదలుపెట్టేసేదన్నమాట.

ఇంకో సంగతి. మామూలు తిండి అలవాటైపోయాక మెదడుకు అది కొత్తగా అనిపించదు. మద్యం, నికోటిన్, కొకెయిన్ లాంటివి వేసుకున్న ప్రతిసారీ డోపమైన్‌ను మందు బలంతోనే పెంచుతాయి. అందుకే గుర్తుకూ మందుకూ మధ్య ముడి అంత గట్టిగా బిగుస్తుంది. మిచిగాన్ యూనివర్సిటీలో టెర్రీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ 1993లో ఒక మాట చెప్పారు: నచ్చడం వేరు, కావాలనిపించడం వేరు. ఏళ్లు గడిచేకొద్దీ నచ్చడం తగ్గిపోతుంది, కావాలనిపించడం పెరిగిపోతుంది. ఈ రెండోదాన్నే నేను కోరిక అంటున్నాను.

ఇది ఒక చోటు. ఇక రెండోది అలవాటు. కేంబ్రిడ్జిలో ఆంథనీ డికిన్సన్ వాళ్లు 1980ల్లో ఎలుకలకు మీట నొక్కితే తిండి వచ్చేలా నేర్పారు. తర్వాత ఆ తిండి తింటే ఎలుకకు వికారం వచ్చేలా చేశారు. కొద్దిగా నేర్చుకున్న ఎలుకలు మీట నొక్కడం తగ్గించేశాయి. చాలాకాలం నొక్కీ నొక్కీ అలవాటుపడ్డవి, ఆ తిండి తమకు పడదని తెలిసినా నొక్కుతూనే ఉన్నాయి. మా డాక్టరు గారు ఈ ప్రయోగం చెప్పినప్పుడు నాకు వెంటనే ఆ సిరప్ సీసా గుర్తొచ్చింది. మద్యంతో చేసిన ఇలాంటి ప్రయోగాల్లో, మొదటి రెండు వారాల్లో ఎలుక కావాలని చేసే పని, ఎనిమిది వారాలకల్లా అలవాటుగా మారిపోయిందని తేలింది.

మొదట్లో ఈ వ్యవహారం స్ట్రయేటం అనే భాగంలో కిందివైపు, న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట ఎక్కువగా నడుస్తుంది. రానురాను పైవైపు భాగం, అంటే డోర్సల్ స్ట్రయేటం, పగ్గాలు తీసుకుంటుంది. సైకిల్ తొక్కడం, గేర్ మార్చడం లాంటివి మనం ఆలోచించకుండా చేసేస్తామే, అవి నడిచేది కూడా ఇక్కడే. 2006లో అమెరికాలో నోరా వోల్కో బృందం కొకెయిన్‌కు బానిసలైనవాళ్లకు, మనుషులు కొకెయిన్ తీసుకునే వీడియో చూపించి మెదడు స్కాన్ చేసింది. ఉత్త వీడియో చూసినందుకే ఈ పైభాగంలో డోపమైన్ పెరిగింది. ఎవరికి ఎక్కువ పెరిగిందో వాళ్లకే తపన ఎక్కువగా ఉంది.

ఇక్కడ ఒక తప్పు నేనూ చేశాను, మీరు చెయ్యొద్దు. అంతా అలవాటే, నాదేం లేదు అనుకున్నాను. కానీ అక్టోబరు 2న గాంధీ జయంతికి వైన్స్ మూసేస్తే నేనేం చేసేవాణ్ని? బండి వేసుకుని మూడు ఊళ్లు తిరిగి, బెల్టు షాపులో ఎక్కువ డబ్బిచ్చి కొనేవాణ్ని. కాళ్లు తమంతట తాము అంత తెలివిగా తిరగవు. అది కోరిక పని. రెండూ జోడెద్దుల్లా నడుస్తాయి. మామూలు రోజున అలవాటు మనల్ని తలుపు దాకా తీసుకెళ్తుంది. తలుపు మూసి ఉంటే కోరిక లేచి, కిటికీ ఎక్కడుందో వెతుకుతుంది. టెన్షన్ ఉన్న రోజున ఆలోచించే ముందుమెదడు పట్టు సడలిపోతుంది, మనిషి అలవాటు చేతిలోకి ఇంకా త్వరగా జారిపోతాడు. మిల్లు వాళ్లు బిల్లు ఆపిన రోజుల్లో నేను బండి తాళం తీసిన సంగతి కూడా నాకు గుర్తుండేది కాదు.

అన్నిటికన్నా ముందు డాక్టరు

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపకూడదు. ఇది నేను వార్డులో కళ్లారా చూశాను. ఆపిన కొన్ని గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేని మనుషులు కనబడతారు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణాలు కూడా పోవచ్చు. వణుకు తగ్గించే మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తూ డాక్టర్లు కొద్దిరోజుల్లో దీన్ని దాటిస్తారు.

మా నల్గొండ వైపు కల్లు తాగేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం లాంటి నిద్రమాత్రల మందు కలుపుతారు. కల్లు ఆపితే పోయేదేముంది అనుకుంటారు. లోపల ఆగేది ఆ మాత్రలు. వాటిని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ రావచ్చు. డాక్టరు దగ్గర "కల్లే కదా" అని తక్కువ చేసి చెప్పకండి. రోజుకు ఎన్ని సీసాలో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చెయ్యండి, అది కేంద్ర ప్రభుత్వం నడిపే డీ-అడిక్షన్ నంబరు. 14416 టెలీ మానస్, అంటే మానసిక ఆరోగ్య సాయం కోసం పెట్టిన నంబరు, అందులో తెలుగులో మాట్లాడతారు.

నోటుపుస్తకం

ఆసుపత్రిలో మీ తేదీ వచ్చేలోపు ఒక వారం ఉంటుంది కదా. ఆ వారంలో ఒక పని చెయ్యండి. పది రూపాయల నోటుపుస్తకం కొని, తాగిన ప్రతిసారీ, తాగాలనిపించిన ప్రతిసారీ రాయండి. ఎంత తాగారన్నది పెద్ద విషయం కాదు. దానికి ముందు నిమిషంలో ఏం జరిగిందన్నది కావాలి. టైము, ఎక్కడున్నారు, చేతిలో ఏముంది, పక్కన ఎవరు, ఒంట్లో ఎలా ఉంది. సాయంత్రం బండి తియ్యకండి, నడిచే వెళ్లండి.

నా పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో ఒక సోమవారం ఇలా రాసుంది: "6:50. షట్టర్ దించిన. చేతులు కిరసనాయిల్ గుడ్డతో తుడుచుకున్న. వెల్డింగ్ షాపాయన గేటు దగ్గర నిలబడి, అన్నా పోదామా అన్నడు. పొద్దున పదింటికి తిన్నదే, మళ్ల ఏం తినలే." మంగళవారం కూడా ఇంచుమించు అవే మాటలు. బుధవారం కూడా. గురువారం ఒక్కటే వేరు: "11:20. మిల్లు ఓనరు అందరి ముందల తిట్టిండు. అప్పుడే తాగాలనిపించింది. చేతుల్లో వణుకు లేదు, ఛాతీలో మంట."

వారం అయ్యాక పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఏడు రోజుల్లో ఐదు రోజులు 6:45కీ 7:00కీ మధ్య, ఆ కిరసనాయిల్ గుడ్డ తర్వాతే. నేను తాగుబోతునని పదహారేళ్లుగా తెలుసు. ఒక గుడ్డకూ ఒక గేటుకూ బానిసనని ఆ రోజే తెలిసింది.

ఇందులో ఇంకో గడి గియ్యండి, నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది అదే. వెళ్లాలనిపించినప్పుడు చిన్న అడ్డం పెట్టుకోండి. పది నిమిషాలు ఆగడమో, డబ్బులు ఇంట్లో పెట్టి రావడమో, వేరే సందులోంచి వెళ్లడమో. అప్పుడేం జరిగిందో ఆ గడిలో రాయండి. వేరే పనిలో పడి ఆ సంగతే మర్చిపోయారా? అయితే అది కాళ్ల అలవాటు. అడ్డం వచ్చినందుకు కోపం వచ్చిందా, అప్పు ఎవరిస్తారా అని లెక్కలు మొదలయ్యాయా? అయితే అది కోరిక. నా సోమ, మంగళ, బుధవారాలు మొదటి రకం. గురువారం రెండో రకం. రెండిటికీ చెయ్యాల్సిన పనులు వేరు.

కాళ్లను దారి తప్పించడం

అలవాటుకు బుద్ధులు చెప్తే వినదు, దానికి చెవుల్లేవు. మా ఆవిడ "ఎందుకు తాగుతవయ్యా, ఏమొస్తది దాంట్ల" అని అడిగినప్పుడల్లా నాకు నిజంగా జవాబు ఉండేది కాదు. అలవాటుకు తెలిసింది గుర్తులే. ఆ గుర్తులను కదిలించాలి.

1971లో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల మీద లీ రాబిన్స్ అనే ఆవిడ చేసిన అధ్యయనం వార్డులో అందరికీ చెప్తాను. అక్కడున్నప్పుడు దాదాపు ఐదుగురిలో ఒకరు హెరాయిన్‌కు బానిసయ్యారు. ఇంటికి చేరాక మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసలైనవాళ్లు చాలా కొద్దిమంది, నూటికి ఐదుగురి చొప్పున. హెరాయిన్ అదే, మెదడూ అదే. మారింది చోటు, మనుషులు, రోజు గడిచే తీరు.

మనం ఊరు మారలేం. నా షాపు అక్కడే ఉండాలి, మిల్లులు అక్కడే ఉన్నాయి. అందుకని చిన్నవి మార్చాను. షాపు 6:50కి కాకుండా 6:10కే మూయడం మొదలుపెట్టాను. షట్టర్ తమ్ముడు దించేవాడు, ఆ చప్పుడు వినబడే లోపు నేను రోడ్డెక్కేవాణ్ని. కిరసనాయిల్ గుడ్డ తీసేశాను; సబ్బుతో ఇంటి దగ్గరే చేతులు కడుక్కోవడం. పని చొక్కా షాపులోనే విప్పి వేరే చొక్కా వేసుకోవడం. బండి ఇంట్లో పెట్టి సైకిల్ మీద రావడం, ఎందుకంటే బండికి ఆ దారి నా చేతులు బాగా నేర్పాయి. జేబులో యాభై రూపాయలకు మించి ఉంచుకోకపోవడం. వెల్డింగ్ షాపాయనకు ముందే చెప్పాను: "అన్నా, నువ్వు పిలిస్తే నేను కాదనలేను, మూడు నెలలు పిలవకు." ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

తీసేస్తే సరిపోదు, ఖాళీ చోట్లో ఇంకొకటి నిలబెట్టాలి. అదే టైముకు, చేతులకు పని ఉండేది అయితే మంచిది. నేను ఏడింటికి స్టీలు క్యాను పట్టుకుని పాల కేంద్రానికి వెళ్లడం పెట్టుకున్నాను. మూతలేని క్యాను. పాలు నిండాక ఒలక్కుండా నడవాలంటే చూపంతా దాని మీదే ఉండాలి. ఆ క్యాను పట్టుకుని పర్మిట్ రూములోకి ఎవరూ వెళ్లరు. మొదటి పది రోజులు నాకు అదొక శిక్ష. కొత్త అలవాటు కుదరడానికి ఎన్ని రోజులు పడుతుందో లండన్‌లో 2010లో ఫిలిపా లాలీ వాళ్లు కొలిస్తే, సగటు మనిషికి 66 రోజులు వచ్చింది. కొందరికి 18, కొందరికి 254. ఇరవై ఒక్క రోజుల్లో అయిపోతుందని చెప్పేవాళ్ల మాట పట్టుకుని, ఇరవై రెండో రోజున నిరాశ పడకండి.

కోరిక లేచినప్పుడు

గురువారం రకానికి దారి మార్చడం చాలదు. ఛాతీలో మంటతో లేచే కోరిక, మీరు ఏ దారిన పోయినా వెంట వస్తుంది. దానికి నేను చేసింది: గడియారం చూసుకుని మొదలైన టైము రాయడం. ఎక్కువసార్లు ఇరవై నిమిషాలు దాటలేదని నా పుస్తకంలో ఉంది. మొదట్లో అది పెరుగుతూనే పోతుందని అనిపిస్తుంది, అప్పుడే చాలామంది లొంగిపోతారు. పెరుగుతుంది, ఒక చోట నిలుస్తుంది, దిగుతుంది. దాన్ని తిట్టుకోవద్దు, దానితో వాదన పెట్టుకోవద్దు. అది ఒంట్లో ఎక్కడుందో చూడండి. నాకు దవడల కింద, తర్వాత ఛాతీలో ఉండేది. చూస్తూ కూర్చోండి.

ఈ ఇరవై నిమిషాలూ దాటడానికి రెండు సాయపడ్డాయి. ఒకటి తిండి. పొద్దున పదింటికి తిని సాయంత్రం ఏడు దాకా ఖాళీ కడుపుతో ఉండే మనిషికి కోరిక రెట్టింపవుతుంది. ఐదున్నరకు రెండు అరటిపళ్లు, ఇంత అటుకుల ఉప్మా తినడం పెట్టుకున్నాను. పల్లీలు మాత్రం ముట్టలేదు, నాకు పల్లీ అంటే గ్లాసు పక్కన ప్లేటే. రెండోది ఫోను. మా బావకు ఫోన్ చేసి "బావా, లేచింది" అంటే చాలు. ఆయన మందు గురించి ఒక్క మాట ఎత్తకుండా వరి నాట్ల గురించి మాట్లాడేవాడు.

కోరిక వైపు మందులు కూడా ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర, తాగితే వచ్చే హాయిని తగ్గించి లాగుడును నెమ్మదింపజేస్తుంది. అకాంప్రోసేట్ అని ఇంకొకటి ఉంది. లివర్ ఎలా ఉందో చూసి ఏది పడుతుందో డాక్టరే చెప్పాలి. మాత్ర వేసుకుంటున్నాం కదా అని మళ్లీ ఆ గేటు దగ్గరికే పోతే, మాత్ర ఒక ఎద్దును ఆపుతుంది, రెండో ఎద్దు లాగుతూనే ఉంటుంది.

డైసల్ఫిరాం గురించి ఇళ్లల్లో ఆడవాళ్లకు చేతులు జోడించి చెప్తున్నాను. అది వేసుకున్నాక తాగితే ఒంట్లో ఎసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకునే మనిషికి అది మంచి మందే. భర్తకు తెలియకుండా కూరలో కలపడం మాత్రం వద్దు. ఆ సంగతి తెలియని మనిషి మామూలుగా తాగేస్తాడు, ప్రాణం మీదికి వస్తుంది. "మందు మాన్పించే పొడి" అని ఎవరో అమ్మే పొట్లాలు అసలే కొనొద్దు, వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు.

మూడో నెల

1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పుడు మా నాన్న తాగుడు ఆగింది. అప్పుడు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో నాకు బాగా గుర్తు. కానీ రోజూ రాత్రి ఏడింటికి ఆయన కండువా వేసుకుని మూతబడ్డ బ్రాందీ షాపు అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేవాడు. "ఊకె అట్ల పోయొస్తున్న బిడ్డా" అనేవాడు. 1997లో నిషేధం సడలించారు. షాపు తెరిచిన మొదటి వారంలోనే ఆయన పాత లెక్కకు వచ్చేశాడు. మందు లేకుండా రెండేళ్లు గడిచినా దారి చెరిగిపోలేదు. నేర్చుకున్నది మెదడులో తుడిచిపెట్టుకుపోదు, దాని మీద కొత్తది పేరుస్తాం. కొత్తది ఎంత నడిస్తే అంత గట్టిపడుతుంది. ఆయన చేత కొత్తది ఏదీ ఎవరూ నడిపించలేదు.

ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. కొకెయిన్ మానిపించిన ఎలుకల మీద 2001లో వచ్చిన ప్రయోగంలో, మొదటి రోజుకన్నా రెండు నెలలకు అవి పాత గుర్తులకు ఎక్కువగా స్పందించాయి. మందు దూరమవుతున్నకొద్దీ గుర్తుల బలం కొంతకాలం పెరుగుతుంది. మొదటి నెల దాటినవాడు గెలిచాననుకుని పాత దారిలోకి ధైర్యంగా వెళ్తాడు. రెండో నెలా మూడో నెలా అందుకే గండాలు. ఇంటివాళ్లు కూడా సరిగ్గా అప్పుడే కాపలా వదిలేస్తారు. మీ పుస్తకంలో మీరు మానిన తేదీకి మూడు నెలల తర్వాతి వారం చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గియ్యండి. ఆ వారం పెళ్లిళ్లు, దావత్‌లు ఉంటే మీ తరఫున ఇంకెవరినైనా పంపండి.

నేను ఆ గీత గియ్యలేదు. ఆగస్టులో మానాను. నవంబరులో వడ్ల సీజన్, మిల్లులు రాత్రింబగళ్లు తిరుగుతున్నాయి. ఒక మిల్లులో పెద్ద మోటారు కాలిపోతే పద్నాలుగు గంటలు అక్కడే కూర్చుని చుట్టాను. రాత్రి పదింటికి ఓనరు నోట్ల కట్ట చేతిలో పెట్టాడు. చేతులకు వార్నిష్ వాసన, ఎవరో కిరసనాయిల్ గుడ్డ అందించారు. తుడుచుకున్నాను. ఆ రాత్రి తాగాను.

తెల్లారి లేచాక నాకు వచ్చిన మొదటి ఆలోచన, అంతా పోయింది, ఇంక ఎందుకు, మధ్యాహ్నమే మొదలుపెడదాం అని. జారడం కన్నా ఈ ఆలోచన ప్రమాదం. ఎనభై ఏడు రోజులు నడిచిన కొత్త దారి ఒక రాత్రికి పోదు. జారిన తెల్లారి చెయ్యాల్సినవి మూడే. మొదటి ఫోను వార్డుకో డాక్టరుకో చెయ్యండి, రాత్రి ఎంత తాగారో చెప్పండి. ఆ రోజు ఇంట్లో డబ్బులు, బండి తాళం వేరేవాళ్ల దగ్గర పెట్టండి. తర్వాత పుస్తకం తెరవండి. మా ఆవిడ ఆ పొద్దున నన్ను ఏమీ అనలేదు. టీ పక్కన పుస్తకం, పెన్ను పెట్టి పోయింది. నేను రాశాను: "రాత్రి 10:05. మిల్లు గేటు. చేతిలో నగదు. పద్నాలుగు గంటలైంది, తిండి లేదు. గుడ్డ." దాని కింద ఇంకో లైను: "ఇక నుంచి రాత్రి పనికి డబ్బులు తమ్ముడి చేతికే ఇమ్మని మిల్లుల్లో చెప్పాలె. సబ్బు సంచిలో పెట్టుకుని పోవాలె."

ఆ సాయంత్రం ఏడింటికి పాల క్యాను పట్టుకుని బయల్దేరాను.